అశోక్ చౌక్‌లో శబ్ద ప్రమాణం

ఒక నగరపాలక సంస్థ తన వెబ్‌సైట్‌ను కొత్తగా తీర్చిదిద్దాలని తలపెట్టినప్పుడు ఆ పనిని సాంకేతిక విషయంగానే చూడడం పరిపాటి; పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటుంది, పన్ను చెల్లింపు ఎన్ని మెట్లలో పూర్తవుతుంది, ఫిర్యాదుకు సంఖ్య ఎంతసేపట్లో వస్తుంది అన్న ప్రశ్నలే టెండరు పత్రాల్లో కనిపిస్తాయి. అయితే పౌరుల భాగస్వామ్యం పెంచడమే ఈ పని ఉద్దేశమని ప్రకటించిన మరుక్షణం టెండరు పత్రాలకు అందని ఒక పాత ప్రశ్న అందులోకి వచ్చి చేరుతుంది. ఒకరు చెప్పిన మాట మరొకరికి ఎప్పుడు జ్ఞానమవుతుంది, ఎవరి మాటను పరీక్ష లేకుండా స్వీకరించవచ్చు, ఎవరి మాటను పరీక్షించిన తరువాతే స్వీకరించాలి అన్నదే ఆ ప్రశ్న. భారతీయ దర్శనాలు దీనిని శబ్ద ప్రమాణం అన్న పేరుతో వెయ్యేళ్లకు పైగా చర్చించాయి. ప్రమాణమంటే యథార్థ జ్ఞానానికి సాధనం; కంటితో చూడడం ప్రత్యక్షం, పొగను చూసి నిప్పు ఉన్నదని తెలుసుకోవడం అనుమానం. ఈ రెండింటితో పాటు నమ్మదగినవారి మాట కూడా విడిగా ఒక ప్రమాణమేనా, అయితే ఏ నియమాలకు లోబడి అన్న విషయంలో న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు, వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు, బౌద్ధులు తరతరాలుగా వాదించుకున్నారు. ఆ వాదాలలో ప్రధానంగా ఉన్నది వేదం మాట. కాని అవి ఇచ్చిన పనిముట్లు సోలాపూర్ నేతపేటలో నల్లా నీటి గురించిన ఒక ఫిర్యాదును అర్థం చేసుకోవడానికీ పనికివస్తాయి, బహుశా అక్కడే వాటి పదును బాగా తెలుస్తుంది.

మహారాష్ట్ర దక్షిణపు అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న సోలాపూర్‌కు తెలంగాణ ప్రాంతపు పద్మశాలి కుటుంబాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చాయి. 1877లో స్థాపితమైన సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, దాని వెనుక వచ్చిన ఇతర మిల్లులు ఆ వలసకు ఊతమిచ్చాయి. మిల్లులు మూతపడినా మరమగ్గాలు మిగిలాయి, ఆ మగ్గాల మీద నేసే చాదర్లకూ టెర్రీ తువాళ్లకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. నగరపు తూర్పు భాగంలోని అశోక్ చౌక్, దాని చుట్టుపక్కల పేటలలో మగవారు కార్ఖానాలలో పాళీల మీద, అంటే షిఫ్టుల మీద, పనిచేస్తే, ఆడవారిలో చాలామంది ఇంటి దగ్గర బీడీలు చుట్టి, కట్టలు కట్టి, లెక్కకు అప్పజెప్పి, మరుసటి రోజుకు ఆకూ పొగాకూ తెచ్చుకుంటారు. ఇంట్లో మాట తెలుగు; బడిలో అక్షరాలు ఎక్కువమందికి మరాఠీ; బజారులో ఆ రెండింటికి తోడు కన్నడ, హిందీ. ఇంటి పన్నును ఘర్‌పట్టీ అనీ, నీటి పన్నును పాణీపట్టీ అనీ, ఫిర్యాదును తక్రార్ అనీ, వార్డు సభ్యుణ్ణి నగరసేవక్ అనీ ఇక్కడి తెలుగు తన వ్యాకరణంలోనే కలుపుకున్నది. పురపాలనతో ఈ ప్రజలకు ఉన్న వ్యవహారమంతా ఆ నాలుగు మాటల చుట్టూ తిరుగుతుందంటే పెద్ద అతిశయోక్తి కాదు.

ఆ పురపాలన చరిత్ర కూడా చిన్నది కాదు. సోలాపూర్ పురపాలక సంఘం 1852లో ఏర్పడి, 1964 మే 1న మహానగరపాలికగా మారింది. 2011 జనగణన నాటికి నగర జనాభా సుమారు 9.5 లక్షలు. 1930 ఏప్రిల్ 6న పురపాలక భవనం మీద జాతీయ జెండా ఎగిరిందని నగరం నేటికీ గర్వంగా చెప్పుకుంటుంది. ఆ మే నెలలో సైనిక శాసనం అమలైంది, 1931 జనవరి 12న నలుగురు సోలాపూర్ వాసులను ఉరితీశారు. పాలనా సంస్థే ఒకప్పుడు పై పాలకుడి ముందు ఫిర్యాదుదారుగా నిలిచి, తన మాట నెగ్గించుకోలేక శిక్షకు గురైన నగరం ఇది. నేడు ఫిర్యాదులు స్వీకరించే బల్లకు అవతలివైపున కూర్చున్న సంస్థకు ఆ సంగతి గుర్తుండడం మంచిది. 2016 జనవరిలో స్మార్ట్ సిటీ పథకం తొలి జాబితాలో ఎంపికైన 20 నగరాలలో సోలాపూర్ ఒకటి కావడంతో, తెరమీది పాలన అన్న మాట ఈ పేటలకూ చేరింది.

న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడు అన్న మాటకు ఇచ్చిన వివరణ నుంచి విచారణ మొదలుపెట్టవచ్చు. ఆయన లెక్క ప్రకారం ఆప్తుడికి రెండు లక్షణాలుండాలి: చెప్పే విషయాన్ని తాను నేరుగా తెలుసుకొని ఉండడం ఒకటి, తెలుసుకున్నదానిని తెలుసుకున్నట్టే చెప్పాలన్న కోరిక రెండోది. ఇంతకుమించి కులం, చదువు, పదవి ఏదీ ఆ నిర్వచనంలో లేదు. పైగా ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఈ లక్షణం సమానంగా వర్తిస్తుందని భాష్యకారుడు స్పష్టంగానే చెప్పాడు. ఆచార వ్యవహారాలలో అన్ని తేడాలు పాటించిన ఒక సమాజం, నమ్మదగిన మాట దగ్గరకు వచ్చేసరికి ఆ తేడాలను తర్కం కోసమైనా పక్కన పెట్టవలసి రావడం గమనించదగ్గది. అశోక్ చౌక్ సందులో నల్లా తెల్లవారుజామున వచ్చి పావుగంటలో ఆగిపోయిందన్న సంగతిని నేరుగా తెలుసుకున్నది ఎవరు? బిందెలు వరసలో పెట్టి నిద్ర మానుకొని కూర్చున్న గృహిణి. ఉన్నది ఉన్నట్టు చెప్పడంలోనే ఆమె లాభం ఉన్నది. కనుక ఆ విషయం వరకు ఆమె ఆప్తురాలు, ఆమె ఫిర్యాదు శబ్ద ప్రమాణం. భాగస్వామ్యం పేరిట ఏ వెబ్‌సైట్‌ను తిరగరాసినా ముందు ఒప్పుకోవలసిన సత్యం ఇదే. దీనిని ఒప్పుకోకుండా పెంచే బటన్లన్నీ అలంకారానికే పనికివస్తాయి.

ఇక్కడి నుంచి దర్శనాల మధ్య పాత తగాదా ఒకటి అక్కరకు వస్తుంది. జ్ఞానం కలిగినప్పుడే దాని సత్యత్వమూ దానితో కూడి ఉంటుందా, లేక బయటి పరీక్షతో తేలాలా? మొదటి పక్షాన్ని స్వతః ప్రామాణ్యం అంటారు, అంటే జ్ఞానం తనంత తానే ప్రమాణమన్న మతం; ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు దీనికి పెద్ద దిక్కు. ఆయన చెప్పినదాని సారం ఇది: కలిగిన ప్రతి జ్ఞానాన్నీ మొదట నిజమనే తీసుకోవాలి, దానిని తోసిపుచ్చాలంటే రెండే దారులున్నాయి, జ్ఞానం పుట్టిన చోట దోషముందని తెలియడం, లేదా దానికి విరుద్ధమైన బలమైన జ్ఞానం ఎదురుకావడం. రెండో పక్షం పరతః ప్రామాణ్యం, అంటే సత్యత్వం వేరొకదాని వల్ల తేలుతుందన్న మతం, ఇది నైయాయికులది. దూరాన నీరు కనిపించిందనుకుంటే అది నీరో ఎండమావో ఆ చూపు స్వయంగా చెప్పలేదు, దగ్గరకు వెళ్లి దాహం తీరితే అప్పుడు తెలుస్తుంది. ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలించడాన్ని వారు ప్రవృత్తి సామర్థ్యం అన్నారు.

పాలనా కార్యాలయాలు సాధారణంగా ఈ రెండు సిద్ధాంతాలనూ ఒకేసారి పాటిస్తాయి, అయితే తమకు అనువైన దిక్కులో. పౌరుడి ఫిర్యాదు వచ్చినప్పుడు కార్యాలయం నైయాయికుడి వేషం వేస్తుంది: పరిశీలించాలి, ఇంజినీరు చూడాలి, ఫొటో జతపరచాలి, చిరునామా రుజువు కావాలి. అదే కార్యాలయం తన రికార్డులో పరిష్కరించబడింది అని రాసుకున్నప్పుడు మీమాంసకుడిగా మారిపోతుంది. ఆ అక్షరాలు వాటంతట అవే ప్రమాణం, వాటిని మరొకరు నిర్ధారించనక్కరలేదు. అందుకే ఎక్కడైనా సరే తెర మీద ఫిర్యాదు మూసుకుపోయి సందులో నల్లా ఎండిపోయి ఉన్నప్పుడు, కార్యాలయానికి అందులో వైరుధ్యమేమీ కనిపించదు. నైయాయికుల ఉదాహరణ ఇక్కడ ఉపమానంగా కూడా మిగలదు, అక్షరాలా నిజమవుతుంది. సోలాపూర్‌కు భీమా నది మీది ఉజనీ జలాశయం నుంచీ, టాకళీ దగ్గరి నది నీటి నుంచీ, హిప్పరగా చెరువు నుంచీ నీరు చేరాలి. ఎండాకాలాలలో కొన్ని రోజులకొకసారి నల్లా తిరిగే నగరంలో, నీరు వచ్చిందన్న వాక్యానికి దాహం తీరడం తప్ప మరో పరీక్ష లేదు.

ఈ తలకిందుల వ్యవహారాన్ని సరిచేయాలంటే పౌరుడి మాటకు కుమారిలుడి నియమాన్నీ, కార్యాలయం మాటకు నైయాయికుల నియమాన్నీ వర్తింపజేయాలి. అంటే ఫిర్యాదు అందగానే దానిని నిజమనే నమోదు చేయాలి. ఫిర్యాదుదారు పొరుగువారి మీద కక్షతో రాశాడన్న దోషమో, స్థల పరిశీలనలో ఎదురైన విరుద్ధ సాక్ష్యమో బయటపడితేనే, ఆ కారణాన్ని ఫిర్యాదుదారుకు కనిపించేలా రాసి, దానిని పక్కన పెట్టాలి. పరిష్కారమైందన్న ప్రకటన మాత్రం తాత్కాలికంగానే ఉండి, ఫిర్యాదు చేసినవారు ఔనన్నప్పుడే స్థిరపడాలి. సాంకేతికంగా ఇది ఒక చిన్న మార్పు, మూసివేసే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న ఒక్క గడి. తాత్త్వికంగా మాత్రం ఎవరు ఎవరికి సాక్షి అన్న వరుసనే ఇది తిరగేస్తుంది.

సత్యానికి సంబంధించిన సిద్ధాంతం మనిషిని బట్టి మారుతుందా, పౌరుడికొకటి అధికారికొకటి అన్నది తర్కానికి నిలుస్తుందా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణ బలమైనదే. దీనికి సమాధానం హోదాలో దొరకదు, వాత్స్యాయనుడి మొదటి లక్షణంలోనే దొరుకుతుంది. సందులోని నీటి విషయంలో నేరుగా తెలిసినవారు సందువారు. అది పరిష్కారమైందని రాసే గుమాస్తా తనకు అందిన మాటను అందించేవాడే. ఉజనీలో నీటి మట్టం ఎంత, ఈ ఏడాది పైపుల మార్పుకు బడ్జెట్‌లో ఎంత కేటాయించారు అన్న విషయాలు వచ్చినప్పుడు ఆప్తత్వం ఇంజినీరుకూ లెక్కల విభాగానికీ చేరుతుంది, వీధిలో పుట్టిన వదంతిని అప్పుడు పరీక్షించవలసిందే. నియమం ఒక్కటే, విషయాన్ని బట్టి అది ఇటో అటో మొగ్గుతుంది. బ్రిటన్ తాత్త్వికురాలు మిరాండా ఫ్రికర్ 2007లో వెలువరించిన తన పుస్తకంలో, మాట్లాడేవారి జాతి, లింగం, తరగతి చూసి వారి మాటకు దక్కవలసిన నమ్మకాన్ని తగ్గించడం ఒక ప్రత్యేకమైన అన్యాయమని వాదించి, దానిని సాక్ష్యపరమైన అన్యాయంగా గుర్తించింది. ఆమె మాటల్లోని నైతిక వేడి నైయాయికుల గ్రంథాలలో ఉండదు. కాని బీడీలు చుట్టే మనిషి మాటను తక్కువగా తూచడం పాపమన్న తీర్పు కన్నా ముందు, అది పొరపాటు జ్ఞానమన్న తీర్పు రావాలి, ఆ పని చేసేది న్యాయశాస్త్రమే.

ఇంతవరకు చెప్పింది పౌరుడి నోటి నుంచి కార్యాలయానికి వెళ్లే మాట గురించి. అవతలి నుంచి ఇవతలికి వచ్చే మాట, అంటే ప్రకటన, గడువు, నియమం, దీనికీ షరతులున్నాయి. తెలుగునాట పుట్టిన పండితుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో వాక్యార్థం కలగడానికి మూడు కారణాలు చెప్పాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాట మరో మాటను కోరడం ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అంటే అందులో ఒకటి మరొకదానిని కోరదు కనుక వాక్యం పుట్టదు. అర్థాలు ఒకదానికొకటి పొసగడం యోగ్యత. నిప్పుతో తడపమంటే పొసగదు. ఆలస్యం లేకుండా మాటలు దగ్గరదగ్గరగా రావడం సన్నిధి. జాముకొక మాట చొప్పున పలికితే వినేవాడికి ఏమీ అందదు. పురపాలక వెబ్‌సైట్లలో శాఖల పేర్లు, తీర్మానాల సంఖ్యలు, టెండర్లు, ఫొటోలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉన్నప్పుడు అది ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు వంటి జాబితాయే. పౌరుడు నా సందుకు నీరు ఎప్పుడు అన్న ఆకాంక్షతో వస్తాడు, తెర మాత్రం జలసరఫరా శాఖ నిర్మాణ క్రమాన్ని చూపుతుంది. నీరు వచ్చివెళ్లాక అందే నీటి సమయం సందేశానికి సన్నిధి లేదు. పగటిపూట మాత్రమే పనిచేసే ఫోను, పగటి పాళీలో మగ్గాల చప్పుడు మధ్య ఉన్న మనిషికి చేరదు.

అర్థాలు పొసగాలంటే ముందు మాట అర్థం కావాలి కనుక, యోగ్యత విషయంలో భాష ప్రశ్న తప్పించుకోలేనిది. మహారాష్ట్రలో స్థానిక సంస్థల అధికార భాష మరాఠీ అని 2022లో ప్రత్యేక చట్టమే వచ్చింది, అది సహజమైనదే. అయినా మరో భాషకు తలుపు మూయడం దాని ఉద్దేశం కాదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తేల్చింది. అకోలా జిల్లాలోని పాతూర్ పురపాలక భవనం బోర్డు మీద మరాఠీతో పాటు ఉర్దూ రాయడాన్ని ఆక్షేపిస్తూ వచ్చిన వ్యాజ్యంలో, ప్రజలకు అర్థమయ్యేలా చేరవేయడమే ఆ రాతకు ప్రయోజనమనీ, అదనపు భాషను చట్టం నిషేధించలేదనీ న్యాయస్థానం అభిప్రాయపడింది. ఉర్దూకు చెల్లిన తర్కం తెలుగుకూ చెల్లుతుంది. అంతకుముందే, 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్, ప్రభుత్వ సంస్థలు తమంతట తాము వెల్లడించే సమాచారాన్ని స్థానిక భాషనూ ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతినీ దృష్టిలో ఉంచుకొని పంచాలని నిర్దేశించింది. రాజ్యాంగంలోని 350వ అధికరణం ఎవరైనా తమ కష్టాన్ని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చునని హామీ ఇచ్చింది.

అయితే తెలుగు లిపిలో ఒక పేజీ చేర్చి చేతులు దులుపుకుంటే అశోక్ చౌక్‌లో ఒరిగేది తక్కువ. తెలుగు మాట్లాడుతూ మరాఠీ మాత్రమే చదవగలిగిన యువతరానికీ, తెలుగు తప్ప మాట్లాడని, ఏ లిపీ చదవని వృద్ధులకూ ఆ పేజీ సమానంగా అక్కరకు రాదు. హైదరాబాద్‌లో తయారైన గ్రాంథికపు తెలుగు అనువాదం వారికి మరో పరాయి భాష. ఇక్కడ కావలసింది చెవికి వినిపించే తెలుగు, నల్లా, తక్రార్, ఘర్‌పట్టీ కలిసిన తెలుగు, మాట్లాడితే వినే సౌకర్యం. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవ పురాణాన్ని మార్గ ఛందస్సులు విడిచి ద్విపదలో, జాను తెనుగులో రాయడానికి పూనుకున్నది ఈ లెక్కతోనే. చెప్పవలసినది శాస్త్రం చదవని భక్తుడి చెవికి చేరకపోతే చెప్పినట్టు కాదని ఆయన ఎంచాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర సేవ, జనం అప్పటికే వాడుతున్న వాట్సాప్‌లోకి ప్రభుత్వాన్ని తీసుకురావడంలో అలాంటి వివేకమే కొంత ఉన్నది, మొదటి రోజున అందులో 161 సేవలున్నాయి. కార్యాలయానికి అలవాటైన చోటును విడిచి వినేవారికి అలవాటైన చోటికి వెళ్లడం చిన్న మర్యాద కాదు.

విషయం ఇక్కడితో ఆగితే ఇది జ్ఞానమీమాంసగానే మిగిలేది, కాని ఫిర్యాదు చేసే మనసును తీర్చిదిద్దింది తర్కగ్రంథాలు కావు, పురాణాలు. తెలుగు ఇళ్లలో మొర అనగానే గుర్తుకు వచ్చేది గజేంద్ర మోక్షం. పోతన భాగవతంలోని ఆ ఘట్టంలో విష్ణువు లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు చేపట్టకుండా, ఉన్నపళాన పరుగెత్తుతాడు. విన్నవాడు మర్యాదలన్నీ మరిచిపోవడం ఆ కథలోని సౌందర్యం. ఆ సౌందర్యాన్ని పాలనలోకి దించాలని చూసినప్పుడే చిక్కు వస్తుంది. గజేంద్రుడికి రక్షణ దొరికింది తన బలం మీద నమ్మకం పూర్తిగా పోయాక, శరణాగతి చేశాక. భగవంతుడి ఎదుట ఆ నిస్సహాయతకు ఆధ్యాత్మిక విలువ ఉన్నది. పన్ను కట్టే పౌరుడు నీటి కోసం అదే నిస్సహాయతను నటించవలసి రావడం మాత్రం అవమానం. వినడం దయ అయినచోట వినేవాడు ఎన్నుకొని వింటాడు, వినడం ధర్మమైనచోట ఎన్నిక ఉండదు. అశోక్ చౌక్‌లో నగరసేవక్ ఇంటి అరుగు మీద తెలుగులో చెప్పుకునే తక్రార్‌కు ఈ రెండు స్వభావాలూ ఉండేవి, కొంత హక్కు, కొంత శరణు. 2017లో ఎన్నికైన 102 మంది నగరసేవకుల పదవీకాలం 2022 మార్చిలో ముగిసి, పాలన చాలాకాలం ప్రశాసకుడి, అంటే ఎన్నిక కాని అధికారి, చేతిలో ఉన్నప్పుడు ఆ అరుగుకు అధికారం లేకుండా పోయింది. మధ్యవర్తి పోవడం విముక్తి అని సాంకేతిక నిపుణులు అంటారు. తెలుగులో విని మరాఠీలో చెప్పే ఒక నోరు పోవడం అని ఇక్కడివారు అనుకుంటే తప్పు పట్టలేము.

పద్మశాలీలకు గజేంద్రుడి కన్నా దగ్గరివాడు మార్కండేయుడు. ఆ మహర్షిని తమ మూలపురుషుడిగా ఎంచే ఈ సమాజం, ఏటా శ్రావణ పూర్ణిమ నాడు, అంటే తెలుగువారి జంధ్యాల పూర్ణిమ, మరాఠీవారి నారళీ పూర్ణిమ నాడు, సోలాపూర్ వీధుల్లో ఆయన రథాన్ని ఊరేగిస్తుంది. ఆ కథను పాలన గురించిన కథగా చదవడం వింతగా తోచవచ్చు గాని, అందులో లేనిది ఏదీ అందుకోసం కల్పించనక్కరలేదు. పదహారేళ్ల ఆయువు అన్నది నమోదైన లెక్క. యముడు ఆ లెక్క అమలుచేయడానికి వచ్చాడు, అబద్ధమాడలేదు, లంచమడగలేదు. బాలుడు లెక్క తప్పని వాదించలేదు, లింగాన్ని కౌగిలించుకొని వదలలేదు. ప్రచారంలో ఉన్న ఒక కథనంలో ముగింపు మరీ విశేషమైనది: మార్కండేయుడు ఎప్పటికీ పదహారేళ్లవాడుగానే ఉండిపోయాడు, కనుక రాసిన అంకె చెరిగిపోలేదు, దాని అర్థం మారింది. రికార్డు సరైనదే అయినా అది చివరి మాట కానక్కరలేదని, అమలు చేసేవాడి పైన అర్థం చెప్పేవాడు ఒకడుండాలని ఆ కథ ఒప్పుకుంటున్నది. వెబ్‌సైట్ల నిర్మాణంలో అప్పీలు అన్న మెట్టును అందరికన్నా చివర, అదీ మిగిలితే, చేరుస్తారు. మార్కండేయుడి వంశీకుల పేటలో దానిని మొదటి పేజీలోనే ఉంచాలి.

ఈ నగరపు మట్టికే చెందిన మరో సాధకుడు సిద్ధరాముడు. పన్నెండో శతాబ్దపు ఈ శివయోగి సొన్నలిగె అని అప్పట్లో పిలిచిన ఊరిలో చెరువు తవ్వించి, ఊరి చుట్టూ 68 లింగాలను ప్రతిష్ఠించాడని సంప్రదాయం. సిద్ధేశ్వరుడిగా కొలిచే ఆయన పేరిట నేటికీ సంక్రాంతికి గడ్డా యాత్ర జరుగుతుంది. నీరు ఇవ్వడమే పూజ అని నమ్మిన ఆయన దగ్గరకు శివశరణుడు అల్లమ ప్రభువు వచ్చి, చెరువులు తవ్వే కూలివాడని ఎద్దేవా చేసి, బయటి పనిలో మునిగి లోపలి ఎరుకను మరిచావని నిలదీసినట్టు కన్నడ శూన్యసంపాదన గ్రంథాలు వర్ణిస్తాయి. సిద్ధరాముడు ఆ ప్రశ్నను స్వీకరించి కల్యాణ పట్టణానికి వెళ్లాడు, చెరువు మాత్రం ఊరిలో ఉండిపోయింది. అల్లముడిది ఆధ్యాత్మిక ప్రశ్నే అయినా, పనులు చేయడంతోనే పాలన పూర్తవుతుందా, చేసినది ఎవరికి ఎలా అందిందన్న ఎరుక లేకుండా చేయడం చాలునా అన్న ప్రశ్నకు అది పక్కనే ఉన్నది. స్మార్ట్ సిటీ పేరిట నిర్మాణాలు జరిగిన ప్రతి నగరాన్నీ అల్లముడు ఇదే అడిగి ఉండేవాడు.

ఇక బౌద్ధుల పక్షానికి వస్తే, దిఙ్నాగుడి పరంపరలోని తార్కికులు శబ్దం విడి ప్రమాణం కాదన్నారు. మాట వల్ల తెలిసేది మాట్లాడేవాడి ఉద్దేశం మాత్రమే, మిగిలినది మనం ఊహించుకునే అనుమానమని వారి వాదం. నేటి పాలనా పట్టికలు తెలియకుండానే ఈ మతాన్ని అనుసరిస్తున్నాయి. వెయ్యి ఫిర్యాదులు వెయ్యి సాక్ష్యాలుగా నిలవకుండా, నగరపటం మీద ఎర్రచుక్కలుగా మారి, ఎక్కడ ఎంత ఒత్తిడి ఉన్నదో అనుమానించడానికి ముడిసరుకు అవుతాయి. ఇది పనికిరాని పని కాదు. పైపు ఎక్కడ పగిలిందో ఒక్క ఫిర్యాదు కన్నా ఇరవై చుక్కలు బాగా చెబుతాయి. కాని చుక్కకు జవాబు చెప్పవలసిన అవసరం ఎవరికీ ఉండదు. బార్సిలోనా నగరం 2016లో ప్రారంభించిన డెసిడిమ్ అన్న ఆన్‌లైన్ వేదికలో నగర కార్యప్రణాళిక కోసం 10 వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చినప్పుడు, వాటిని లెక్కగా మార్చి ఊరుకోక, అంగీకరించినదీ తిరస్కరించినదీ కారణంతో సహా ప్రతిపాదనకు ఎదురుగా కనిపించేలా ఉంచారు. తిరస్కారంలో కూడా మాటను మాటగా ఎంచడం అందులో ఉన్నది. అశోక్ చౌక్‌కు బార్సిలోనా చాలా దూరం, కారణం చెప్పడానికి మాత్రం పెద్ద ఖర్చు కాదు.

అన్నిటికన్నా చిక్కైన సంగతి మౌనం. ఏదైనా ప్రభాగ్, అంటే ఎన్నికల వార్డు, నుంచి ఒక నెలలో ఫిర్యాదులేవీ రాకపోతే పట్టికలో సున్నా పడుతుంది, సున్నాను చూసి సమస్య లేదనుకోవడం సహజం. లేనిదాన్ని ఎలా తెలుసుకుంటామన్న ప్రశ్నను భాట్ట మీమాంసకులు, అంటే కుమారిలుడి అనుయాయులు, వేరుగా విచారించి అనుపలబ్ధి అన్న ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. అనుపలబ్ధి అంటే కనిపించకపోవడం, బల్ల మీద కుండ కనిపించలేదు కనుక కుండ లేదని తెలుసుకోవడం. దానికి ఒక కట్టుదిట్టమైన షరతు ఉన్నది: ఆ వస్తువు ఉండి ఉంటే తప్పక కనిపించి ఉండేదన్న యోగ్యత ఉండాలి. చీకటి గదిలో కుండ కనిపించకపోవడం వల్ల కుండ లేదని తేలదు. బీడీల లెక్క అప్పజెప్పి వచ్చి, వంట చేసి, నీళ్లు పట్టి, మళ్లీ ఆకు కత్తిరించడానికి కూర్చునే మనిషికి మరాఠీ చదవడం రాకపోతే, ఇంట్లోని ఒకే ఒక ఫోను పాళీకి వెళ్లిన కొడుకు దగ్గర ఉంటే, కిందటిసారి ఇచ్చిన తక్రార్ ఆమెను అడగకుండానే మూసి ఉంటే, ఆమె కష్టం ఉండి కూడా ఆ పట్టికలో కనిపించే వీలు లేదు. ఫిర్యాదుల సంఖ్య తగ్గడాన్ని వెబ్‌సైట్ విజయంగా చూపే నివేదికలు ఈ షరతును దాటవేస్తాయి. ఒక పేట నుంచి వచ్చిన సున్నా దేనికైనా రుజువుగా నిలవాలంటే, ముందు ఆ పేటలో కొన్ని ఇళ్లకు స్వయంగా వెళ్లి, వారి మాటలో అడిగి, ఫిర్యాదు ఉండి ఉంటే అది తెర దాకా వచ్చి ఉండేదేనా అని తేల్చుకోవాలి. అంతవరకు ఆ గడిలో అంకె వేయకుండా ఖాళీగా ఉంచడమే శాస్త్ర సమ్మతం.